మూడొందల రెండో తలుపులో చెదలు ఎవరివి?

తణుకులో సుబుద్ధి రెసిడెన్సీ అని ఒక అపార్ట్‌మెంటు ఉంది. నాలుగంతస్తులు, పన్నెండు ఫ్లాట్లు, పన్నెండు కుటుంబాలు. ఊళ్ళో తెలివంతా ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే, "మా దగ్గరే ఉందండి, భద్రంగా దాచాం" అని అక్కడి వాళ్ళు మొహమాటం లేకుండా చెప్తారు. దాచిన మాట మాత్రం నిజం. ఇంతవరకూ దాన్ని బయటికి తీసి వాడినట్టు ఎవరూ చూడలేదు.

అక్కడి లిఫ్టులో 'నలుగురికి మాత్రమే' అని రాసి ఉంటుంది. అందుకని నలుగురు పోగైతే తప్ప ఎవరూ ఎక్కరు. ఒక్కరే వస్తే ముగ్గురి కోసం నిలబడతారు. ముగ్గురుంటే నాలుగో మనిషిని కేకేస్తారు. ఒకసారి నాలుగో అంతస్తు ఆవిడ పాలు తేవడానికి దిగి, మనుషులు కుదరక, చివరికి పెరుగు పట్టుకుని పైకి వెళ్ళింది. "పోన్లెండి, తోడు పెట్టే పని తప్పింది" అంది. అదీ వాళ్ళ తెలివి. మెట్ల దగ్గర 'చూసి నడవండి' అని ఒక బోర్డు ఉంది. ఆ బోర్డునే చూస్తూ నడిచి ఇప్పటికి ఇద్దరు కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. కాళ్ళు పోతే పోయాయి, రూలు మాత్రం తప్పలేదు.

అలాంటి చోట మూడొందల రెండో నంబరు ఫ్లాటు మౌనాచారి మాస్టారిది. ఆయన ఐటీఐలో ముప్ఫై ఏళ్ళు వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. పిల్లల చేత వెయ్యి బల్లలూ రెండువేల స్టూళ్ళూ చేయించారు కానీ తనకంటూ ఏదీ చేసుకోలేదు. రిటైరయ్యాక కూర్చుని, మూడేళ్ళపాటు తన ఫ్లాటు వీధి తలుపు చెక్కారు. టేకు తలుపు. బయటివైపు చుట్టూ మామిడి పిందెలు, నడుమ ఒక చిలక. చూసినవాళ్ళు కోడి ముచ్చటగా ఉందన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. తలుపు బాగుందని ఒక్కళ్ళయినా నోరారా అంటే వినాలని ఆయనకి మహా కోరిక. భార్య భ్రమరాంబని అడిగితే, "తలుపన్నాక వేస్తే పడాలి, తీస్తే రావాలి, అవి రెండూ చేస్తోంది కదండీ" అంది.

ఇలా ఉండగా ఒకరోజు మాస్టారి పాత శిష్యుడు వీర్రాజు భీమవరం నుంచి ఫోన్ చేశాడు. అతనికి అక్కడ ఫర్నిచర్ షాపు ఉంది. "మాస్టారూ, మీ తలుపు సంగతి విన్నామండి. మా బ్యాచి నలభై మందిమీ ఆదివారం పొద్దున పదింటికి వస్తున్నాం. తలుపుకి దండ వేసి, మీకు శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తామండి" అన్నాడు. ఇంకేముంది, మాస్టారు ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు "సరేనయ్యా, సరేనయ్యా" అంటూ తలుపుని నిమురుతూ నిలబడిపోయారు. ఆయనకి అంత సంతోషం ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

అది సోమవారం. ఆ పూటే భ్రమరాంబ తలుపు తుడుస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, చిలకకి ఆకలేస్తున్నట్టుంది."

"చెక్క చిలకకి ఆకలేమిటే?"

"పొట్ట ఖాళీగా ఉంది మరి. నొక్కితే వేలు లోపలికి పోయింది."

మాస్టారు పరిగెత్తుకొచ్చి చూస్తే చిలక పొట్టలో కన్నం, గడప మీద పొడి. తలుపు మీద కొడితే డొల్ల చప్పుడు. వెంటనే ప్రహరీగోడ మీద రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేసి, మస్తాన్ అని చెదల మందు కొట్టేవాణ్ణి పిలిపించారు.

మస్తాన్ మంచి పనివాడు. అటూ ఇటూ తట్టి చూసి, "చెద పట్టిందండి. ఇంకా ముదరలేదు. అరగంట పని. సన్నగా కన్నాలు పెట్టి మందు ఎక్కిస్తా. ఆదివారానికి మీ కోడి నిక్షేపంలా ఉంటుంది" అన్నాడు.

"చిలక" అన్నారు మాస్టారు.

"చిలకేనండి" అని మస్తాన్ డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. కథ అక్కడితో అయిపోవలసిందే. కానీ తెలివైనవాళ్ళ మధ్య ఏదీ అంత తొందరగా అయిపోదు. సరిగ్గా అప్పుడే అసోసియేషన్ సెక్రటరీ అలివేలు గారు మెట్లెక్కుతూ అటు వచ్చారు. ఆవిడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. ఎవరు ఏది అంటే అది అక్షరం పొల్లు పోకుండా మినిట్స్ పుస్తకంలో రాస్తారు. ఒక మీటింగులో ఎవరో తుమ్మితే అదీ రాశారు, ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో కూడా.

"ఆగండి. తలుపు ఎవరిదని మందు కొట్టిస్తున్నారు?" అన్నారు అలివేలు గారు.

"మాదేనండి."

"ఎటువైపు మీది?"

అలివేలు గారు సంచిలోంచి రూళ్ళ పుస్తకం తీసి పద్నాలుగో రూలు చదివారు. ఫ్లాటు తలుపు బయటి ముఖం అందరిదీ, దాని బాగోగులు అసోసియేషన్ చూడాలి. లోపలి ముఖం ఓనరుది, దాని బాగోగులు ఓనరే చూసుకోవాలి. ఒకడు బయటివైపు ఆకుపచ్చా ఇంకొకడు గులాబీ రంగూ పూయకుండా ఎవరో పెద్దమనిషి పూర్వం రాసిన రూలు అది. ఎందుకు రాశారో ఆలోచిస్తే అది తెలివి ఎలా అవుతుంది? ఏం రాశారో చూడాలి.

"చెదలు ఏ ముఖంలో ఉన్నాయి?" అని అడిగారు ఆవిడ.

"ముఖంలో కాదండి, మధ్యలో ఉన్నాయి" అన్నాడు మస్తాన్.

"మధ్య గురించి రూల్లో ఏమీ లేదే."

"రూల్లో లేకపోయినా తలుపులో ఉన్నాయి కదమ్మా."

అలివేలు గారికి ఈ మాట బొత్తిగా నచ్చలేదు. ప్రెసిడెంటు కోదండపాణి గారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, చిలక పొట్టలోకి తొంగిచూసి, చాలాసేపు ఆలోచించి, "చెదలు బయటినుంచి దూరితే బాధ్యత అసోసియేషన్‌ది. లోపలినుంచి దూరితే ఓనరుది. ఎటునుంచి దూరాయో తేలేదాకా మందు కొట్టకూడదు. సాక్షుల్ని చంపేస్తే నిజం ఎవరు చెప్తారు?" అన్నారు. చుట్టూ చేరినవాళ్ళంతా ఆహా అన్నారు. మాస్టారు కూడా తన కష్టం మరిచిపోయి ఆహా అన్నారు. అంతే, మస్తాన్‌ని పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే విచారణ మొదలైంది. బయట స్టూలు వేసుకుని ప్రెసిడెంటు గారు, లోపల స్టూలు వేసుకుని మాస్టారు కూర్చున్నారు. ఎటువైపు ఎక్కువ పురుగులు కనిపిస్తే అటువాళ్ళదే బాధ్యత. "ఒకటి" అని ఆయన బయటినుంచి అరిస్తే, "నాకూ ఒకటి" అని ఈయన లోపలినుంచి. మధ్యాహ్నానికి లోపల నలభై ఒకటి, బయట నలభై అయ్యాయి. ఓడిపోతున్నానని మాస్టారికి దిగులు పట్టుకుంది. అప్పుడు భ్రమరాంబ కాఫీ ఇస్తూ, "వెళ్ళిన పురుగే మళ్ళీ వస్తోందేమోనండీ. మొహం గుర్తుపట్టారా?" అంది.

నిజమే కదా అనుకున్నారు. మాస్టారు తన వైపు పురుగులకి అగ్గిపుల్లతో కుంకుమ బొట్టు పెట్టారు. ప్రెసిడెంటు గారు తన వైపు వాటికి పసుపు పెట్టారు. పేరంటం బాగానే సాగింది. కాస్సేపటికి లోపల ఒక పురుగు వచ్చింది, దానికి కుంకుమా ఉంది, పసుపూ ఉంది. ఇంకేముంది, అందరూ తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. అలివేలు గారు దాన్ని అటు చూసి, ఇటు చూసి, 'జాయింటు ఓనరు' అని రాసుకున్నారు. విచారణ మళ్ళీ మొదటికొచ్చింది.

బుధవారం నాడు కారిడార్లో అత్యవసర మీటింగు పెట్టారు. మాస్టారు లోపల స్టూలు మీదే కూర్చుని, చెవి తలుపుకి ఆనించి విన్నారు. భ్రమరాంబ కొత్తిమీర కోసం కిందికి వెళ్ళి ఉంది. తగాదా తేలేదాకా తలుపుని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని, ఎవరూ కదపకూడదని తీర్మానం చేశారు. తీర్మానం చేసేసరికి తలుపు మూసి ఉంది. అంతే, తలుపు అలాగే మూసి ఉండిపోయింది. మాస్టారు లోపల, భ్రమరాంబ కొత్తిమీరతో బయట.

"ఏవండీ, మరి నేనెలా రావాలి?"

"తీర్మానంలో నీ పేరు లేదే. తలుపు పేరే ఉంది. నువ్వు రావచ్చు, తలుపు తియ్యకుండా రా."

ఆవిడ కాసేపు ఆలోచించి, ఆ కిటుకు అంతుబట్టక, పైన నాలుగో అంతస్తులో ప్రెసిడెంటు గారింట్లో చేరింది. వంట అక్కడే. వండింది బుట్టలో పెట్టి, బట్టలారేసే నైలాన్ తాడుతో పైనుంచి కిటికీ దాకా దించేది. అన్నం బాగానే దిగింది. "చారు పొయ్యవే" అన్నారు మాస్టారు, అలవాటు కొద్దీ కంచం కిటికీలోంచి బయటికి చాపి. ఆవిడ పైనుంచి గిన్నె వంచింది. చారు కంచానికి తప్ప అన్నిటికీ తగిలింది. కింద మొదటి అంతస్తులో అలివేలు గారి చీర ఆరేసి ఉంది. ఆవిడ పైకి చూసి, తేదీ వేసి, 'వర్షం, ఇంగువ వాసనతో' అని రాసుకున్నారు.

గురువారం మస్తాన్ ఉండబట్టలేక మళ్ళీ వచ్చాడు. మూసిన తలుపు మీద చెవి ఆనించి విని, తల కొట్టుకుని, "ఇలాగే ఉంచితే ఆదివారానికి వాటికి తినడానికి ఏమీ మిగలదమ్మా" అని భ్రమరాంబతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ గుండె కరిగిపోయింది. పాపం నోరులేని జీవాలు, పైగా సాక్షులు. విచారణ మధ్యలో ఆకలితో చస్తే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? అంతే, ప్రెసిడెంటు గారింట్లో పాత పేపర్లన్నీ తెచ్చి, చింపి, నీళ్ళతో తడిపి, పూటకి రెండు గుప్పిళ్ళు తలుపు కింద సందులో కూరింది. శుక్రవారం నాడయితే పండగ పూట కదా అని ఒక అట్టపెట్టె కూడా పెట్టింది. ఏ పండగని ఎవరూ అడగలేదు.

చెదలకి అంత మర్యాద పుట్టి బుద్ధెరిగి జరిగి ఉండదు. అవి చుట్టాలని కూడా పిలుచుకున్నాయి.

లోపల మాస్టారికి మాత్రం నిద్రాహారాలు లేవు. మంచం తలుపు పక్కనే వేసుకున్నారు. కరకరమని చప్పుడు వినపడుతూనే ఉంది. ఏ పిందె పోయిందో, ఏ రెక్క పోయిందో చప్పుడుని బట్టే ఆయనకి తెలిసిపోతోంది. మూడేళ్ళు ఉలి పట్టి, ఊపిరి బిగబట్టి చెక్కిన పని. అది తన చెవి పక్కనే అరిగిపోతుంటే వింటూ పడుకోవడం కన్నా నరకం లేదు. శుక్రవారం సాయంత్రానికి ఆయన ఇంక తట్టుకోలేకపోయారు.

"ప్రెసిడెంటు గారూ, ఎలాగోలా తేల్చండి. ఎల్లుండి మా పిల్లలొస్తున్నారు" అని లోపలినుంచి బతిమాలారు.

కోదండపాణి గారు జాలిగుండె మనిషి. రాత్రంతా ఆలోచించి, శనివారం పొద్దున్నే పరిష్కారంతో దిగారు. "మాస్టారూ, బయటి ముఖం మాది, లోపలి ముఖం మీది. అంతేనా? మరి కలిపి ఎందుకు ఉంచుకోవడం? తలుపుని నిలువునా రెండుగా కోద్దాం. మా ముఖం మేం పట్టుకెళ్తాం, మీ ముఖం మీరుంచుకోండి. ఎవరి ముఖానికి వాళ్ళు మందు కొట్టించుకుందాం."

అపార్ట్‌మెంటంతా చప్పట్లు కొట్టింది. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎవరికీ రాలేదంటే మనం కూడా ఒక్కోసారి తెలివితక్కువగా ఉంటామన్నమాట అని ఒకరినొకరు మందలించుకున్నారు.

కోయడానికి వేరే వడ్రంగి ఎందుకు, మాస్టారే ఉన్నారు. తలుపుని బందుల నుంచి ఊడదీసి, అంచు మీద నిలబెట్టి, రెండు పక్కలా మనుషుల్ని పెట్టి, ఆయన రంపం అందుకున్నారు. మొదటి కోతకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు ఎందరికో కోత నేర్పారు, ఏ రోజూ చెయ్యి ఇంత బరువెక్కలేదు. అయినా గీత తప్పలేదు. గీత తప్పితే ఒక ముఖానికి అన్యాయం జరుగుతుంది కదా.

సగం కోసేసరికి లోపలిది గుప్పుమని రాలింది. పొడి, మట్టి, తడిపేపరు, వేలకి వేలు పురుగులు, అన్నీ గడప దగ్గర కుప్పపడ్డాయి. వాటిలో కొన్నిటికి ఇంకా బొట్లున్నాయి.

"ఇవి ఎవరివి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

అలివేలు గారు రూళ్ళ పుస్తకం తిరగేసి, "బయటి ముఖంలోవి కావు, లోపలి ముఖంలోవీ కావు. కాబట్టి ఎవరివీ కావు. ఎవరివీ కానివాటిని ఎవరూ ముట్టుకోరాదు" అన్నారు. అందరూ కాళ్ళు ఎత్తి, వాటికి దారి ఇచ్చారు. అవి వరసగా నడుచుకుంటూ ద్వారబంధంలోకి వెళ్ళిపోయాయి. ద్వారబంధం గురించి రూల్లో అసలే లేదు.

అంతలో మస్తాన్ వచ్చాడు. పాపం, ముచ్చటగా మూడోసారి. "పురుగులు అటు పోతున్నాయండి, ద్వారబంధానికి కొట్టనివ్వండి" అని మొత్తుకున్నాడు. కాదు, తీర్మానంలో ముఖాలే ఉన్నాయన్నారు. సరేనని, ఒక్క పురుగూ లేని రెండు చెక్కలకీ తడిసేదాకా మందు కొట్టాడు. మందు జల్లు తగలగానే బయటి ముఖం అప్పడంలా మెత్తబడి, చిలక తల ఊడింది, పిందెలు జారాయి. మాస్టారు వంగి చిలక తల తీసుకోబోతే, "అది అసోసియేషన్ ఆస్తి" అని అలివేలు గారు ఆపారు. ముక్కలన్నీ జాగ్రత్తగా ఏరి, మేడ మీద ఎండలో ఆరబెట్టించి, 'తలుపు క్షేమం, ముక్కలు పదిహేడు' అని రాసుకున్నారు. మాస్టారి ముక్క బాల్కనీలో ఆరింది.

మస్తాన్ సామాను సర్దుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, అందరికీ చెప్పే మాటే చెప్పాడు. "మందు కొట్టిన చెక్క ఆరేదాకా ముట్టుకోవద్దు. మూడు రోజులు తలుపు మూసే ఉంచాలి. తియ్యద్దు." ఆ మాట అనేసి మెట్లు దిగి పారిపోయాడు.

తలుపు మూసే ఉంచాలి. తలుపేమో సగం మేడ మీద, సగం బాల్కనీలో ఉంది. ముట్టుకోకూడదు. మరి మూసేదేమిటి? మాస్టారూ ప్రెసిడెంటు గారూ ఖాళీ గుమ్మం వంక చాలాసేపు చూశారు. చివరికి ప్రెసిడెంటు గారే అన్నారు, "బయటి ముఖం బాధ్యత అసోసియేషన్‌ది అన్నప్పుడు అసోసియేషనే నిలబడాలి. అసోసియేషన్ అంటే నేను."

"అయితే లోపలి ముఖం నేను" అన్నారు మాస్టారు.

అంతే, ఇద్దరూ గుమ్మంలో వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు కారిడార్ వైపు తిరిగి, మాస్టారు హాలు వైపు తిరిగి. తలుపన్నాక మధ్యలో సందు ఉండకూడదని భ్రమరాంబ అదే నైలాన్ తాడుతో ఇద్దరినీ కలిపి గట్టిగా కట్టింది. ఆవిడ ఈసారి లోపలే ఉంది. పోయినసారి బయట ఉండిపోయిన అనుభవంతో ముందే లోపలికి దూరి కట్టింది. రాత్రి ఎలా గడిచిందో తలుపులకే తెలియాలి.

ఆదివారం పొద్దున పదింటికి నలభై మందీ వచ్చారు. నలభై కావడంతో లిఫ్టుకి ఏ ఇబ్బందీ రాలేదు, నాలుగు నాలుగుగా పది సార్లు ఎక్కించింది. తెల్లచొక్కాలు, చేతిలో గజం పొడుగు గులాబీల దండ, జరీ శాలువా. వీర్రాజు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

"మూడొందల రెండు ఇదేనాండి? మాస్టారెక్కడ?"

"లోపలివైపు ఉన్నారు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మరి తలుపు?"

"నేనే. బయటి ముఖం."

ఇంకెవరైనా అయితే వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాళ్ళు. కానీ వీళ్ళు మౌనాచారి మాస్టారి దగ్గర మూడేళ్ళు చదువుకున్నవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు నమ్మడం ఆ బ్యాచికి ఆయనే నేర్పారు. అంతే, నలభై మందీ తలుపు చుట్టూ మూగారు. ఒకడు టేపు తీసి అడ్డం కొలిచి, "మూడడుగులకి పైనే ఉందిరా" అన్నాడు. ఇంకొకడు గడ్డం మీద చెయ్యి వేసి, "ఉప్పుకాగితం ఇంకో చుట్టు పడాల్సింది" అన్నాడు. మరొకడు పొట్ట మీద తట్టి చప్పుడు విని, "లోపల గట్టిగా ఉంది. టేకేనాండి?" అని అడిగాడు. "మా వైపు గుంటూరు" అన్నారు ప్రెసిడెంటు గారు నిజాయితీగా.

వీర్రాజు తలుపుకి దండ వేశాడు. వేసి, వెనక్కి నిలబడి, "మాస్టారి చేతిలో ఇంత పని ఉందని మనకి తెలీలేదురా. మనిషే నిలబడ్డట్టుంది. బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. నలభై మందీ బాగుంది బాగుందన్నారు.

లోపలివైపు మాస్టారు ఆ మాటలన్నీ విన్నారు. ముప్ఫై మూడేళ్ళుగా వినాలనుకున్న మాట. వెనక్కి తిరిగి ఆ పిల్లల మొహాలు చూడాలని ప్రాణం లాగింది. కానీ తలుపు తిరిగితే తెరిచినట్టే. మూడు రోజులు కాలేదు. ఎదురుగా ఉప్మా గిన్నె పట్టుకుని నిలబడ్డ భ్రమరాంబ, "ఏడుస్తున్నారేమిటండీ?" అంది.

"లేదే. చెక్కకి చెమ్మ తగిలింది."

"సరే అమ్మగారూ, తలుపు తియ్యండి. మాస్టారికి శాలువా కప్పాలి" అని వీర్రాజు బయటినుంచి కేకేశాడు.

"తియ్యకూడదు నాయనా" అంది భ్రమరాంబ.

వీర్రాజు తోసి చూశాడు, రాలేదు. లాగి చూశాడు, రాలేదు. బాగా బిగుసుకుందనుకున్నాడు. అతనికి చదువు గుర్తొచ్చింది. "ఒరేయ్, మాస్టారు మనకేం చెప్పారు? బిగుసుకున్న తలుపుతో కుస్తీ పట్టకూడదు. ఊడదీసి, నేల మీద పడుకోబెట్టి, తీరిగ్గా చూసుకోవాలి." లోపల మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఎన్నేళ్ళయినా వీడికి పాఠం గుర్తుంది అనుకున్నారు.

ఇంకేముంది, పదిమంది అటు, పదిమంది ఇటు పట్టి ఒక్క ఊపున లేపారు. రాత్రంతా సుష్టుగా భోంచేసిన ద్వారబంధం ఆ ఊపుకి నిలువునా పొడై రాలిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. తలుపుని తీసుకెళ్ళి కారిడార్లో పడుకోబెట్టారు. చెక్కిన వైపు పైకి ఉండాలి కదా, అందుకని ప్రెసిడెంటు గారు పైన వెల్లకిలా, మాస్టారు కింద బోర్లా. ముక్కు గచ్చుకి ఆనింది. నేనిక్కడున్నానురా అని నోటిదాకా వచ్చింది. కానీ ఇంతమంది బాగుందన్న తలుపు మాట్లాడితే బాగుండదని ఊరుకున్నారు.

దారి ఖాళీ అయింది. నలభై మందీ లోపలికి వెళ్ళి మాస్టారి కోసం గదులన్నీ వెతికారు. బాల్కనీలో చూశారు, మంచం కింద కూడా చూశారు. "ఆయన తలుపు దగ్గరే ఉన్నారు నాయనా" అంది భ్రమరాంబ. వచ్చి తలుపు దగ్గర చూశారు. అక్కడ తలుపు తప్ప ఎవరూ లేరు. ఉప్మా తిని, కాఫీ తాగి, మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. ఇక రైలుకి టైమవుతోందని లేచారు. వీర్రాజు చాలా బాధపడ్డాడు. శాలువా ఊరికే వెనక్కి పట్టుకెళ్ళడం ఇష్టంలేక, దుమ్ము పడకుండా ఉంటుందని తలుపు మీదే కప్పాడు.

"అమ్మగారూ, మాస్టారు వస్తే చెప్పండి. తలుపు చాలా బాగుంది. వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. బరువెక్కువ" అన్నాడు. అలివేలు గారు పక్కనే నిలబడి ఆ ముక్క కూడా రాసుకున్నారు. నలభై మందీ నాలుగు నాలుగుగా దిగిపోయారు.

కారిడార్ నిశ్శబ్దమైంది. శాలువా కింద, ప్రెసిడెంటు గారి కింద, మాస్టారు గచ్చు మీద మొహం పెట్టుకుని హాయిగా ఉన్నారు. జన్మకి అదొక్కటీ చాలనుకున్నారు. కాసేపటికి మాత్రం ఒక సంగతి మనసులో తొలిచింది.

"ప్రెసిడెంటు గారూ."

"ఊఁ."

"బరువెక్కువ అన్నాడు చూశారా. అది మీ వైపు. ఆ లోపం అసోసియేషన్‌దే."

"అదెలాగండీ? మోసినవాళ్ళు మీ వైపు చేతులు పెట్టి లేపారు" అన్నారు ప్రెసిడెంటు గారు పైనుంచి.

అలివేలు గారు కొత్త పేజీ తిప్పారు. రెండు ముఖాలనీ విడివిడిగా తూచి బాధ్యత తేల్చేదాకా తలుపుని ఎవరూ కదపరాదని రాసుకుని, సంతకం కోసం వంగి ప్రెసిడెంటు గారి చేతికి పెన్ను ఇచ్చారు.